తీగ చుట్టిన చెయ్యి

పోయిన నెల హిందూపురంలో ఒక బడివాళ్ళు నన్ను పిలిచారు. కొత్తగా సైన్సు గది కట్టారట, రిబ్బను కత్తిరించాలట. కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్సు చెప్పి రిటైరైన ఆడమనిషి, పైగా ఈ ఊరి పిల్ల, ఇంకెవరు దొరుకుతారు వాళ్ళకు. పోయాను. గది బాగానే ఉంది. వాకిలి పక్కన పాలరాతి పలక, దాని మీద మా సైన్సు సారు పేరు, పేరు కింద నాలుగు వరుసలు. మేకుకు రాగి తీగ చుట్టించి, సూదిని నీళ్ళలో తేలించి, చింతగింజలతో లెక్క నేర్పి, పేద పిల్లల ఇళ్ళకే పోయి విద్యుత్తూ అయస్కాంతమూ బోధించిన మహానుభావుడని రాశారు. చదివాను. మళ్ళీ చదివాను. చింతగింజలు కూడానా అనుకున్నాను. మైకు ఇస్తే ‘చాలా సంతోషం’ అని రెండు ముక్కలు చెప్పి, శాలువా కప్పించుకుని, టీ కూడా తాగకుండా ఇంటికొచ్చేశాను. ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. ఈ వయసులో ఇంత కోపం ఒంటికి మంచిది కాదంటున్నాడు డాక్టరు. ఆయనకేం, ఆయన ఆ పలక చదవలేదు.

సారు పేరు నేను రాయను. రాతి మీద చెక్కారు కదా, చాలు. నేను రాయాల్సిన పేరు హుసేనమ్మ. మా అమ్మ. మేము దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అమ్మ పుట్టింది ధర్మవరంలో. మూడో తరగతితో బడి మాన్పించి, నేతగాళ్ళ ఇళ్ళల్లో పట్టుదారం కండెలకు చుట్టే పనికి పెట్టారు. పెళ్ళై హిందూపురం వచ్చేసరికి నాయనకు బస్టాండు దగ్గర మోటర్లకు వైండింగు చేసే అంగడి ఉండేది. బావుల్లో కాలిపోయిన మోటర్లను మడకశిర నుంచి, ఓబులదేవరచెరువు నుంచి రైతులు బస్సుల మీద వేసుకొచ్చేవాళ్ళు. నాయన కాలిన తీగ కోసి పారేస్తే, కొత్త తీగను కొయ్య అచ్చు మీద చుట్టి ఇచ్చేది అమ్మ. అంగట్లో కాదు, ఇంట్లో. ఆడమనిషి అంగట్లో కూర్చుంటే గిరాకీలు ఏమనుకుంటారోనని నాయన భయం. మోటరు బాగా తిరిగితే ‘పీరప్ప చెయ్యి మంచిది’ అని రైతులు మెచ్చుకునేవాళ్ళు. తిరగకపోతే నాయన ఇంటికొచ్చి అమ్మ మీద అరిచేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అనే మాట మా ఇంట్లో నుంచే మొదలైంది. పరాయివాణ్ణి తిట్టే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఆ ఇల్లంతా వార్నీషు వాసన. దానికి తోడు అవ్వ నమిలే పొగాకు. అవ్వ, అంటే నాయన తల్లి, వెనక కొట్టంలో దూది ఏకేది. పొద్దున లేస్తూనే ఆమె విల్లు మోగేది. ఏకిన దూది ఇల్లంతా లేచి, సంగటి ముద్ద మీద కూడా వాలేది. దాన్ని ఏరి పారేసి తినడం మాకు అలవాటు. వంటపని ముగిసినాక అమ్మ ఒక కాలు చాపుకుని అచ్చు ముందు కూర్చునేది. కుడిచేత్తో పిడి తిప్పుతూ ఎడమచేత్తో తీగ వదిలేది. తీగ ఒరుసుకుని ఒరుసుకుని ఆమె ఎడమ బొటనవేలికి గాడి పడిపోయింది. పది చుట్లకు ఒక చింతగింజ పళ్ళెంలో వేసేది. లెక్కపెట్టేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. ‘ఇల్లంటుకున్నా నా కోడలు చింతగింజ పడేదాకా లెయ్యదు’ అని అవ్వ ఎగతాళి చేసేది. లెక్క తప్పితే మోటరు మళ్ళీ కాలుతుంది, రైతు చేను ఎండుతుంది. ఆ భయం అమ్మకు ఎప్పుడూ ఉండేది. మాకు ఎక్కాలు కూడా ఆ పళ్ళెంలోనే వచ్చాయి.

సాయంత్రం బడి వదిలాక వీధిలోని పిల్లలు పది పదిహేను మంది మా ఇంటి జగిలి మీద చేరేవాళ్ళు. ఇంటి ముందరి అరుగును మేము జగిలి అంటాం. పాఠం చెబుతాను రండని అమ్మ ఎవరినీ పిలవలేదు. ఒకరోజు దువ్వెన తలకు నాలుగుసార్లు రుద్ది, గాల్లో తేలుతున్న దూదిపోగు దగ్గర పెట్టింది, పోగు ఎగిరి దువ్వెనకు అతుక్కుంది, అంతే. మరుసటి రోజు వీధి మొత్తం దువ్వెనలతో వచ్చింది. తర్వాత, పాడైపోయిన రేడియో స్పీకరులో నుంచి ఊడదీసిన అయస్కాంతానికి దారం కట్టి, వాన వెలిసినాక కాలవ పక్కన ఇసుకలో ఈడ్పించింది. దానికి నల్లటి ఇసుక బారెడు మీసంలాగా పట్టుకుంది. ఆ ఇసుకను పోస్టుకార్డు మీద చల్లి, కింద అయస్కాంతం జరిపితే గీతలు లేచాయి. కుట్టుసూదిని అయస్కాంతం మీద ఒకే పక్కకు రుద్దించి, వేపాకు మీద పెట్టి, తాంబాళంలోని నీళ్ళలో వదిలించింది. ఎన్నిసార్లు తిప్పి వదిలినా సూది ఒక మొన పెనుకొండ పక్కకు, ఇంకో మొన గౌరిబిదనూరు పక్కకు పెట్టుకుని నిలిచేది. ఉత్తరం దక్షిణం అనే మాటలు మాకు తర్వాత తెలిశాయి. గోడలోని ప్లగ్గు జోలికి మాత్రం పోనిచ్చేది కాదు. ‘గోడలో ఉండేది కరిసే కుక్క. సెల్లులో ఉండేది పిల్లికూన. ఆడుకుంటే దీంతో ఆడుకోండి’ అనేది.

ఆమె ఏదీ విప్పి చెప్పేది కాదు. మేకుకు తీగ చుట్టి సెల్లు తగిలిస్తే గుండుసూదులు లేస్తాయని చూపించి, ‘ఇంగ మీరు చెయ్యండి’ అని తన పనిలో తాను పడేది. నేను చుట్టిన మేకు ఒక్క సూదినీ లేపలేదు. తీగ మీద మెరిసే పూత చివర్లలో గీకాలని కనిపెట్టేసరికి ఒకరోజు పట్టింది. గీకినా లేపలేదు. మొదటి వరుస కొసదాకా పోయినాక నేను తీగను ఎదురుపక్కకు తిప్పి వెనక్కు చుట్టుకొచ్చాను. మూడు సాయంత్రాలు విప్పడం, చుట్టడం. మూడోరోజు ఏడుపు ముంచుకొచ్చి మేకు విసిరికొట్టాను. అమ్మ పిడి ఆపి, చింతగింజ పళ్ళెంలో వేసి, అప్పుడు తలెత్తింది. ‘ధర్మవరంలో దారం చుట్టినాం చూడు, దారానికి దోవ లేదు మే. ఎట్లన్నా తిప్పు, చీర అయితాది. తీగ అట్ల కాదు. తీగకు దోవ ఉండాది. సగం ఇట్ల తిప్పి సగం అట్ల తిప్పితే ఆ సగం ఈ సగాన్ని తినేస్తాది.’ నేను తర్వాత చదివిన లావుపాటి పుస్తకాల్లో ఈ సంగతి ఇంతకంటే బాగా ఎక్కడా లేదు.

ఇక బడి. బడిలో సైన్సు సామాన్లన్నీ ఒక బీరువాలో ఉండేవి, బీరువాకు తాళం ఉండేది. అద్దంలో నుంచి ఎర్రరంగు పూసిన రెండు అయస్కాంతాలు కనిపించేవి. ఏడో తరగతి ముగిసేదాకా వాటిని ఒక్క పిల్లా ముట్టుకోలేదు. పగలగొడతారట! ఇనుప ముక్కను ఎట్లా పగలగొడతాం? మా సారు కుర్చీలో కూర్చుని ‘అయస్కాంతమునకు రెండు ధ్రువములు ఉండును’ అని చదివేవాడు, మేము గొంతులు చించుకుని అప్పజెప్పేవాళ్ళం. ధ్రువం అంటే ఏమిటని నేను అడిగినందుకు బెంచీ ఎక్కించాడు. తాళం వేసిన ఆ బీరువాను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పిల్లల కోసం కొన్న వస్తువులను పిల్లల కళ్ళ ముందే బంధించి, బయట నిలబెట్టి పాఠం అరిపించడం చదువు కాదు.

అట్లాంటి సారు ఒకనాటి సాయంత్రం టేబుల్ ఫ్యాను పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అంగడి మూసుంటే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడట. జగిలి మీద పిల్లలు సూదులు తేలిస్తున్నారు. నిలబడి చూశాడు. కూర్చున్నాడు. టీ తాగాడు. ‘ఎంత బాగా చెప్తున్నారమ్మా’ అన్నాడు. అమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. మర్నాడు నోటుబుక్కుతో వచ్చాడు. వారానికి రెండు రోజులు వచ్చి, అమ్మ చేసేదల్లా బొమ్మ వేసుకునేవాడు. నెల తిరిగేసరికి జగిలి మీద నడుమ చాప ఆయనది. పిల్లలకు చెప్పేదీ ఆయనే. అమ్మ లోపల నుంచి సామాన్లు అందించేది. అవ్వ పొగాకు ఉమ్మి వచ్చి, ‘ఏకై వచ్చి మేకై కూచునె కదప్పా ఈ అయివారు’ అనింది. ఏకులు చేసే మనిషి ఆ సామెత చెబితే ఇల్లంతా నవ్వాలి. అమ్మ మాత్రం, ‘అట్ల అనొద్దత్తా, పాప చదువు ఆయప్ప చేతిలో ఉండాది’ అనింది.

అది నిజమే. ఆ ఏడు నాది ఏడో తరగతి. మా వాళ్ళలో ఆడపిల్ల ఏడు దాటి చదివింది లేదు. ‘ఇంగ చాల్లే, వైండింగు నేర్చుకోనీ’ అని నాయన తేల్చేశాడు. అమ్మ మాట నాయన వినడు. సారు మాట వింటాడు. పెనుకొండలో జరిగే సైన్సు ప్రదర్శనకు నన్ను తీసుకుపోతానని, అక్కడ బహుమానం వస్తే హైస్కూలుకు పంపమని తానే నాయనతో మాట్లాడతానని సారు చెప్పాడు. అమ్మ ఆ మాట పట్టుకుని వేలాడింది. నాకోసం కొత్త మేకు తెచ్చి, కొత్త తీగ తెచ్చి, నేను చుట్టిన ప్రతి వరుసనూ వేలితో తడిమి చూసింది. చూసేదానికి ముద్దముద్దగా ఉండేది గానీ ముప్పై సూదులు లేపేది.

పెనుకొండకు తానూ వస్తానని అమ్మ అనింది. ‘మీరెందుకమ్మా, పిల్లలను నేను చూసుకుంటా కదా’ అన్నాడు సారు. అమ్మ ఎప్పుడూ ఎవరికీ ఎదురుచెప్పేది కాదు. ప్రదర్శన రోజు మాత్రం ప్యాసింజరు రైలెక్కి కూర్చుంది. పెట్టెలో దాచుకున్న కొత్త నూలుచీర కట్టుకుంది. చిన్నతనమంతా పట్టు చుట్టినా ఆమె ఒంటి మీద పట్టు పడలేదు. రైలు దిగి ఊళ్ళోకి నడిచి ప్రదర్శన జరిగే హాలు చేరేసరికి బల్లలన్నీ నిండిపోయాయి. సారు నా మేకును చేతికి తీసుకుని ముఖం చిట్లించాడు. ‘ఇంత ముద్దగా ఉంటే ఏం బాగుంటుంది పాపా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు’ అని తీగంతా విప్పేశాడు. వరుస పక్కన వరుస, చూడచక్కగా చుట్టాడు. కొసదాకా పోయి, మేకును చేతిలో తిప్పి పట్టుకుని, ఎదురు తిప్పుతో వెనక్కు వచ్చాడు. నాకు తెలిసిపోయింది. ‘సార్, దోవ...’ అన్నాను. ‘నాకు తెలుసులే’ అన్నాడు. నేను పళ్ళెంలో గుండుసూదులు పోశాను. అమ్మను ఆడవాళ్ళతో పాటు అవతలి గోడ దగ్గర నిలబెట్టారు, ఆమెకు ఇదేమీ కనపడలేదు.

జడ్జిగా వచ్చిన పెద్దమనిషి నా బల్ల దగ్గర ఆగాడు. నేర్చుకున్నదంతా గడగడా చెప్పి సెల్లు తగిలించాను. ఒక్క సూదీ లేవలేదు. ‘సెల్లు అయిపోయినట్టుంది’ అన్నాడు సారు. కొత్త సెల్లు తెచ్చారు. లేవలేదు. జడ్జి గడియారం చూసుకుని పక్క బల్ల వైపు తిరిగాడు. హైస్కూలు పోయిందనుకున్నాను. అప్పుడు గోడ దగ్గర నుంచి అమ్మ వచ్చింది. ఎవరినీ అడగలేదు. తీగ మీద వేలు పెట్టి చూసి, ‘తీగ కాల్తాండాది. కరెంటు పోతానే ఉండాది. సెల్లుది తప్పు కాదు, చుట్టిందే తప్పు’ అనింది. అంతమంది మగవాళ్ళ మధ్య బల్ల అంచున మేకు ఆనించి, తీగ విప్పి, ఒకే దోవలో చుట్టడం మొదలుపెట్టింది. చింతగింజలు లేవు కదా, పది చుట్లకోసారి వేలి కణుపు మీద బొటనవేలు జరుపుకుంది. సారు ‘అమ్మా, అమ్మా’ అంటూనే ఉన్నాడు. లెక్కపెట్టేటప్పుడు ఆమెకు ఎవరి మాటా వినపడదు. చుట్టడం ముగించి, నా చేతికిచ్చి, ‘ఇప్పుడు పెట్టు’ అనింది. పెట్టాను. పళ్ళెంలోని సూదులన్నీ గుత్తిగా లేచాయి. వెనక నిలబడిన పిల్లలు కేకలు పెట్టారు.

జడ్జి వెనక్కు వచ్చి వంగి చూశాడు. ‘భలే! ఎవరు నేర్పించారు పాపా నీకు ఇదంతా?’ అన్నాడు. సారు చెయ్యి నా భుజం మీద పడింది. నొక్కలేదు, గిల్లలేదు, ఊరికే పెట్టాడు. నేను, ‘మా సారు నేర్పించినాడు సార్’ అన్నాను. ‘మరి ఈమె?’ అని జడ్జి అమ్మను చూశాడు. అమ్మ నా ముఖం చూసింది. చూసి, కొంగు భుజం నిండా కప్పుకుని, ‘అవు సామీ, సారే. నేను పాప తల్లిని. ఊరికే చూస్తామని వస్తి’ అనింది. ఆ పెద్దమనిషి మురిసిపోయి సారు చెయ్యి పట్టుకుని ఊపాడు. పిల్లలకే కాదు, చదువు లేని తల్లులకు కూడా ఇంత బాగా నేర్పించారంటే మీరు నిజంగా గురువులండీ అన్నాడు. సారు తల వంచుకుని వినయంగా నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

బహుమానం వచ్చింది. సారు నాయనతో మాట్లాడాడు, నాయన ఒప్పుకున్నాడు, నేను హైస్కూలుకు పోయాను. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు, అది రాయకపోతే నేను అబద్ధాలదాన్నవుతాను. కానీ పెనుకొండ నుంచి వచ్చిన మరుసటి రోజు పిల్లలు దువ్వెనలు పట్టుకుని వస్తే, అమ్మ తలుపు దగ్గరే నిలబడి, ‘ఇంగ ఈడికి రావద్దండి. సారు దగ్గరికి పోండి, బడిలో చెప్తాడు’ అనింది. ఆ తర్వాత ఆమె జగిలి మీద అయస్కాంతం తీయలేదు. సారు బడి వరండాలో ఆదివారాలు ప్రయోగాలు మొదలుపెట్టాడు. అవన్నీ మా ఇంట్లో పుట్టినవే. ఆయనకు సన్మానాలు జరిగాయి. అమ్మ అచ్చు తిప్పుతూనే ఉండింది.

పోయిన నెల చూసిన గదిలో అన్నీ రంగురంగుల డబ్బాలే. తీగ ముందే చుట్టేసి ప్లాస్టికులో బిగించారు. పిల్ల బటన్ నొక్కితే మేకు సూదుల్ని లేపుతుంది, వదిలితే పడేస్తుంది. ఒక పాప, ‘పని చెయ్యకపోతే ఏం చేస్తారు టీచర్’ అని అడిగింది. మంచి ప్రశ్న. ‘కొత్త డబ్బా తెప్పిస్తాం’ అనింది టీచరు. మా కాలంలో బీరువాకు తాళం, ఈ కాలంలో తీగకే తాళం. తప్పు చుట్టడానికి పిల్లకు వీలే లేకపోతే సరైన దోవ దానికెట్లా తెలుస్తుంది? మూడు సాయంత్రాలు పిల్ల తంటాలు పడుతున్నా చెప్పకుండా కాచుకుని కూర్చునే ఓపిక ఏ డబ్బాలో అమ్ముతారు? ఆ ఓపిక ఉన్న మనిషి పేరు ఒక్క గోడ మీదా లేదు. ఈ కోపమంతా సారు మీదనే పోసేయాలని నాకు ఎంతో ఉంది. కుదరడం లేదు.

ఎనభైల్లో నాకు మొదటి ఉద్యోగం ధర్మవరం కాలేజీలో వచ్చింది. ఒక గది బాడుగకు తీసుకున్నాను. అమ్మ నెలరోజులు నాతో ఉండటానికి వచ్చింది. ఒకరోజు పక్కింటి ఆమె కూర్చుని ఉంటే, నేను పెనుకొండ కథ మొదలుపెట్టాను. అప్పటికి ఆ కథ చెప్పడం నాకు బాగా అలవాటైంది. కూతురి చదువు కోసం మా అమ్మ తన పేరే వదులుకుందని, ఎంత త్యాగమని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని చెప్పేదాన్ని. పక్కింటి ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. అమ్మ చాట ముందర పెట్టుకుని అనపకాయలు వలుస్తోంది. తల ఎత్తలేదు.

‘త్యాగమూ లేదు గీగమూ లేదు మే,’ అనింది. ‘ఆ జడ్జి ముందు అడిగింది నిన్ను. నువ్వు సారని చెప్తివి. నువ్వు చెప్పినాంక నేను కాదంటే, అంతమందిలో నువ్వు అబద్ధాలదానివి అయిపోతావు. దానికని అవునంటి.’

‘కోపం వచ్చిందా మా?’ అన్నాను.

‘రాకుండా యాడికి పోతాది? నాకు ఇప్పటికీ ఉండాది.’ ఇంకో కాయ వలిచి గింజలు చాటలో వేసింది. ‘బహుమానం చూసేదానికి నేను పెనుకొండకు రాలేదు. ఎవరు నేర్పించినారని ఎవురో ఒకరు అడుగుతారు కదా, మా అమ్మ అంటావు, అది చెవులారా ఇనల్లని వస్తి.’

నేను అప్పుడైనా ఏదో ఒకటి అనాల్సింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోందని చెప్పి లేచి లోపలికి పోయాను.